ముక్కుకి గుడ్డ కట్టించిన డాక్టరు

మన కాలేజీ వార్షిక సంచికలో ప్రతి సంవత్సరం మహానుభావుల జీవిత చరిత్రలు వస్తూనే ఉన్నాయి. గాంధీగారి గురించి, వివేకానందుని గురించి, సర్ సి.వి. రామన్ గురించి మన సీనియర్లు ఎంతో చక్కగా రాశారు. వాటి పక్కన నిలబడే శక్తి నా రాతకి లేదు. అయినా ఈసారి మన దేశస్థుడు కాని ఒక డాక్టరు గురించి రాయాలనిపించింది. ఆయన పేరు వూ లియెన్‌తే. 2020లో కరోనా వచ్చినప్పుడు మనమంతా ముక్కుకి మాస్కు కట్టుకున్నాం కదా! ఆ అలవాటుని ఒక అంటురోగానికి విరుగుడుగా మొదటిసారి ఒక ఊరు ఊరంతటికీ నేర్పినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు ఈయనది. అయితే మాస్కు కథ ఒక్కటే చెబుదామని నేను కలం పట్టలేదు. మహమ్మారి వచ్చినప్పుడు డాక్టర్లకి, నర్సులకి, బండి తోలేవాళ్ళకి, శవాలు మోసేవాళ్ళకి ఏమవుతుందో ఈయన జీవితం చదివితే తెలుస్తుంది.

బాల్యం, చదువు

వూ లియెన్‌తే 1879 మార్చి 10న మలయాలోని పెనాంగ్‌లో పుట్టాడు. అప్పుడది ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉండేది. తండ్రి దక్షిణ చైనా నుంచి పొట్ట చేతబట్టుకుని వలస వచ్చిన కంసాలి. బంగారప్పని చేసి పిల్లల్ని పోషించాడు. కుర్రవాడు పెనాంగ్ ఫ్రీ స్కూల్లో చదివి క్వీన్స్ స్కాలర్‌షిప్పు గెలుచుకున్నాడు. దానితో 1896లో కేంబ్రిడ్జిలోని ఇమ్మాన్యుయేల్ కాలేజీలో చేరాడు. అక్కడ వైద్యం చదివిన మొట్టమొదటి చైనా జాతి విద్యార్థి ఈయనేనంటారు. తరువాత లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో పనిచేశాడు. లివర్‌పూల్‌లో ఉష్ణదేశపు వ్యాధులు, జర్మనీలోని హాలేలో, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నాడు.

ఇన్ని చదువులు చదివి 1903లో సొంత గడ్డకి తిరిగొస్తే ప్రభుత్వ వైద్య శాఖలో పెద్ద ఉద్యోగాలు తెల్లవారికే గాని నల్లవారికీ పచ్చవారికీ లేవు. కొంతకాలం కౌలాలంపూర్‌లో బెరిబెరి రోగం మీద పరిశోధన చేసి, తరువాత పెనాంగ్‌లో సొంత ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఊరికే కూర్చోకుండా నల్లమందు వ్యాపారానికి వ్యతిరేకంగా ఉద్యమం నడిపాడు. నల్లమందు అమ్మకం మీద ప్రభుత్వానికి బోలెడంత పన్ను వచ్చేది. డబ్బున్న వర్తకులకి అదే జీవనాధారం. ఇక వాళ్ళు ఊరుకుంటారా? 1907లో ఈయన డిస్పెన్సరీ సోదా చేసి, మందుల బీరువాలో ఔన్సు నల్లమందు టించరు దొరికిందని కేసు పెట్టి జరిమానా వేశారు. నల్లమందుతో పోరాడినవాడికే నల్లమందు ఉంచుకున్నాడని శిక్ష! మనసు విరిగిపోయిన సమయంలో చైనా నుంచి పిలుపు వచ్చింది. 1908లో తియెన్‌సిన్ నగరంలో సైనిక వైద్య కళాశాలకి ఉపాధ్యక్షుడిగా వెళ్ళాడు. ఇంగ్లీషులో పెరిగినవాడు కావడంతో అక్కడి వారి భాష ఆయనకి సరిగా రాదు. ట్యూషను పెట్టించుకుని మరీ నేర్చుకున్నాడు.

హార్బిన్‌కి పిలుపు

హార్బిన్ నగరం చైనాకి ఈశాన్యాన మంచూరియాలో ఉంది. రష్యావాళ్ళు రైలుమార్గం వేస్తూ కట్టిన ఊరు అది. రష్యన్ల బస్తీని ఆనుకునే ఫూజియాదియెన్ అనే చైనావాళ్ళ పేట. అందులో సుమారు 24 వేల మంది ఉండేవారు. పొట్టకూటికి వచ్చిన కూలీలే ఎక్కువ. తార్బగాన్ అని మన ఉడుత జాతికే చెందిన, బొరియల్లో ఉండే ఒక జంతువు ఆ గడ్డిమైదానాల్లో తిరుగుతుంది. దాని తోలుకి ఐరోపా బజార్లలో ధర పెరిగింది. దానితో వేటలో అనుభవం లేని కూలీలు వేలకొద్దీ ఎగబడ్డారు. పాతకాపులైన వేటగాళ్ళకి జబ్బు చేసిన జంతువుని గుర్తుపట్టడం తెలుసు. కొత్తవాళ్ళకి తెలియదు. దాని నుంచి ప్లేగు మనిషికి అంటుకుంది. 1910 అక్టోబరులో సరిహద్దు ఊరైన మంజౌలీలో మొదలై, రైలెక్కి నవంబరుకల్లా హార్బిన్ చేరింది.

చలికాలం. గడ్డకట్టే స్థాయికి ఇరవై, ముప్ఫై డిగ్రీల దిగువన చలి. కిటికీలు తలుపులు బిగించుకుని, ఒకే గదిలో ఇరవై ముప్ఫై మంది ఒకరినొకరు ఆనుకుని పడుకునే పూటకూళ్ళ ఇళ్ళు. జ్వరం, దగ్గు, నోటి నుంచి రక్తం, రెండు మూడు రోజుల్లో చావు. పట్టుకుంటే బతికినవాడు దాదాపు లేడు.

ప్రభుత్వం డాక్టరు కోసం వెతికితే ముందుకొచ్చినవాడు వూ లియెన్‌తే. అప్పటికి ఆయనకి ముప్ఫై ఒక్క ఏళ్ళు. చైనా రైలు, జపాను రైలు, రష్యా రైలు మూడూ మారి 1910 డిసెంబరు 24న హార్బిన్‌లో దిగాడు. వెంట వచ్చింది ఒకే ఒక సీనియరు విద్యార్థి. చేతిలో ఒక మైక్రోస్కోపు, కొన్ని మందులు. అప్పటికే అక్కడ ఉన్న ఆధునిక వైద్యులు ఇద్దరంటే ఇద్దరు. నర్సులు లేరు. ఆ పనికి పోలీసుల్నీ కూలీల్నీ పెట్టుకున్నారు. 24 వేల మందికి ఇదీ వైద్య బలగం. మిత్రులారా, ఆ మాట ఒకసారి ఆగి ఆలోచించండి.

ఒక శవపరీక్ష, ఒక సిద్ధాంతం

మూడు రోజులకి ఒక పూటకూళ్ళ ఇంటి యజమానురాలు, జపాను స్త్రీ, చనిపోయింది. చైనాలో శవాన్ని కోయడమంటే మహాపాపం. ఆయన గుట్టుగా ఒక గదిలో శవపరీక్ష చేసి, గుండె నుంచి, ఊపిరితిత్తుల నుంచి నమూనాలు తీసి మైక్రోస్కోపు కింద చూశాడు. ప్లేగు సూక్ష్మజీవి స్పష్టంగా కనబడింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ప్లేగంటే ఎలుకల నుంచి, వాటి మీది ఈగుల వంటి పురుగుల నుంచి వస్తుందనీ, గజ్జల్లో చంకల్లో గడ్డలు లేస్తాయనీ అప్పటికి అందరికీ తెలిసిన శాస్త్రం. బొంబాయి ప్లేగులో నేర్చుకున్న పాఠం అది. కాని హార్బిన్ రోగులకి గడ్డలు లేవు. వెతికితే ఎలుకల్లో రోగం లేదు. కాబట్టి ఇది ఊపిరితిత్తుల ప్లేగనీ, దగ్గినప్పుడు వచ్చే తుంపరల ద్వారా మనిషి నుంచి మనిషికి నేరుగా అంటుతోందనీ ఆయన తేల్చాడు. అయితే ఎలుకల్ని చంపి లాభం లేదు. మనుషుల్ని విడదీయాలి, ముక్కూ నోరూ మూయాలి.

శస్త్రచికిత్స గదుల్లో డాక్టర్లు ముఖానికి గుడ్డ కట్టుకోవడం అప్పటికే ఉంది. ఈయన దాన్ని చవగ్గా, గట్టిగా, ఎవరైనా కుట్టుకునేలా మార్చాడు. గాయాలకి కట్టు కట్టే పల్చని గుడ్డని సుమారు మూడడుగులు కత్తిరించి, మడతల మధ్య దూది పెట్టి, చివరలు చీల్చి తలవెనక ముడివేసుకోవడం. అంతే. డాక్టరుకి ఏ మాస్కో బండివాడికీ అదే మాస్కు.

నవ్విన డాక్టరు

వినేవాళ్ళు ఎవరు? రష్యన్ల ప్లేగు ఆసుపత్రికి పెద్ద డాక్టరు హాఫ్‌కిన్ అనే ఆయన. 1897లో బొంబాయిలో ప్లేగు టీకా కనిపెట్టిన వాల్డెమార్ హాఫ్‌కిన్‌కి ఈయన దగ్గరి బంధువు. టీకా మీద నమ్మకంతో ఆ ఆసుపత్రిలో మాస్కు లేకుండానే రోగుల దగ్గరికి వెళ్ళేవారు. కాని మన బొంబాయిలో గడ్డల ప్లేగుకి పనిచేసిన ఆ టీకా ఈ ఊపిరితిత్తుల ప్లేగు ముందు నిలవలేదు.

1911 జనవరి 2న మెస్నీ అనే ఫ్రెంచి డాక్టరు సాయానికి వచ్చాడు. తియెన్‌సిన్‌లో ప్రొఫెసరు. అంతకుముందు ప్లేగు చూసిన అనుభవం ఉంది. వయసులో పెద్ద. తనకన్నా చిన్నవాడు, పైగా చైనావాడు, తనకి పాఠం చెప్పడమేమిటని ఆయనకి కోపం వచ్చింది. మాస్కు మాట ఎత్తితే ఎగతాళి చేసి, జాతిని కించపరిచే మాటలతో గదమాయించాడు. వూ లియెన్‌తే ఎదురు తిట్టలేదు. ఒకే పనికి ఇద్దరు అధికారులు పనికిరారని తన రాజీనామా తంతి ద్వారా పైకి పంపాడు. ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. మెస్నీనే పక్కకి తప్పించింది.

అయినా మెస్నీ ఊరుకోక జనవరి 5న రష్యన్ల ఆసుపత్రికి వెళ్ళి రోగుల్ని పరీక్షించాడు. తెల్లకోటు వేసుకున్నాడు, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. ముక్కుకి మాత్రం ఏమీ కట్టుకోలేదు. జనవరి 11న అదే ప్లేగుతో చనిపోయాడు.

ఆ వార్తతో హార్బిన్ గడగడలాడింది. అంత పెద్ద డాక్టరే పోతే మన సంగతేమిటని వీధిలో ప్రతివాడూ మాస్కు కట్టడం మొదలుపెట్టాడు. కొందరు దాన్ని ముక్కుకి కట్టుకోక మెడలో తాయెత్తులా వేలాడదీసుకున్నారట. 2020లో మన బస్టాండుల్లో గడ్డం కింద వేలాడిన మాస్కులు మీకు గుర్తు రావడం లేదూ?

మెస్నీని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ప్రాణానికి తెగించి రమ్మన్నచోటికి వచ్చినవాడు ఆయన. కాని పాత అనుభవమే కొత్త రోగానికి కొలబద్ద అనుకున్నాడు. వైద్య బలగాన్ని మహమ్మారి మొదట దెబ్బ తీసేది అక్కడే. సైన్సు విద్యార్థులం మనం దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఎవరు పోయారు?

మెస్నీ ఒక్కడే కాదు. రష్యన్ల వైపు లెబెదేవా అనే డాక్టరమ్మ, మామొంతోవ్ అనే వైద్య విద్యార్థి రోగులకి సేవ చేస్తూ పోయారు. దక్షిణాన ముక్డెన్ నగరంలో ఆర్థర్ జాక్సన్ అనే ఇంగ్లీషు డాక్టరు రైలు కూలీలని పరీక్షిస్తూ జనవరి 25న చనిపోయాడు. ఇరవై ఆరేళ్ళ కుర్రవాడు. ఆ దేశానికి వచ్చి మూడు నెలలైనా కాలేదు. నాడి పట్టి చూడడానికి రోగి ముఖానికి ముఖం పెట్టి కూర్చునే సంప్రదాయ వైద్యులు కూడా చాలామంది పోయారు.

వీళ్ళ పేర్లు మనకి తెలుసు. తెలియని పేర్లు ఎన్నో! ఫూజియాదియెన్‌లో ప్లేగు పనిలో ఉన్నవాళ్ళు దాదాపు 3 వేల మంది. వాళ్ళలో చనిపోయినవాళ్ళు దాదాపు 300 మంది. అంటే పదిమందిలో ఒకరు. ఈ లెక్కని విడదీసి చూస్తే గుండె తరుక్కుపోతుంది. మాస్కు కట్టుకుని, దాన్ని ఎందుకు కట్టుకోవాలో తెలిసిన ఆధునిక డాక్టర్లలో, వైద్య విద్యార్థుల్లో చావులు చాలా తక్కువ. రోగుల్ని బండిలో ఎక్కించి తోలినవాళ్ళూ, శవాల్ని మోసినవాళ్ళూ మాత్రం చాలా ఎక్కువగా పోయారు. రోగితో అందరికన్నా దగ్గరగా, అందరికన్నా ఎక్కువసేపు ఉన్నది వాళ్ళే. రోగం ఎలా అంటుతుందో అందరికన్నా తక్కువ తెలిసినదీ వాళ్ళకే.

అందుకే వూ లియెన్‌తేని నేను గొప్పవాడంటాను. రోగం కుదిర్చే మందు ఆనాడు లేదు. ప్లేగుకి పనిచేసే స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా ముప్ఫై ఏళ్ళకు పైగా ఉంది. ఆయన చేయగలిగింది రోగం రానివాడిని, ముఖ్యంగా పనివాడిని, కాపాడడం. పేటని నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్కో డాక్టరుని పెట్టాడు. ఒక భాగం వాడు ఇంకో భాగానికి తిరగకుండా రంగుల గుర్తులు ఇచ్చాడు. వెయ్యికి పైగా సైనికుల్ని కాపలాకి రప్పించాడు. రష్యన్ల దగ్గర 120 రైలుపెట్టెలు తీసుకుని, రోగులతో కలిసి ఉన్నవాళ్ళని అందులో విడిగా ఉంచి రోజూ జ్వరం చూపించాడు. పనివాళ్ళ బట్టలు, ఒళ్ళు మందునీళ్ళతో శుభ్రం చేసుకునే ఏర్పాటు చేశాడు. ఇతర కాలేజీల నుంచి డాక్టర్లనీ సీనియరు విద్యార్థులనీ పిలిపించాడు. అన్నిటికన్నా ముఖ్యం, చనిపోయిన పనివాళ్ళ లెక్క రాసేటప్పుడు డాక్టర్ల పక్కనే బండివాళ్ళనీ కూలీలనీ కూడా లెక్కేశాడు. ఆ లెక్క రాయకపోతే వందేళ్ళ తరువాత నేనీ మాట రాయగలిగేవాణ్ణి కాదు.

చితులు

ఇంకో పెద్ద సమస్య శవాలది. నేల గడ్డకట్టిపోయింది, గొయ్యి తవ్వడానికి గునపం దిగదు. రెండు వేలకు పైగా శవాలు, కొన్ని పెట్టెల్లో, కొన్ని ఊరికే, శ్మశానం దగ్గర వరసగా పడి ఉన్నాయి. మనకి దహనం మామూలే. కాని పితృదేవతల్ని కొలిచే చైనావాళ్ళకి శవాన్ని కాల్చడం ఊహకందని అపచారం. అందుకని చక్రవర్తి ప్రభుత్వం అనుమతి కోరుతూ తంతి పంపి ఎదురుచూశాడు. జనవరి 30, వాళ్ళ ఉగాది రోజున అనుమతి వచ్చింది. మర్నాడే కిరోసిను పోసి చితులు ముట్టించారు. అంతకు రెండు మూడు రోజుల ముందే చావులు రోజుకి 183కి చేరాయి. ఆ తరువాత తగ్గుతూ వచ్చి మార్చి 1న ఫూజియాదియెన్‌లో చివరి కేసు నమోదయింది. ఒక్క ఆ పేటలోనే 5 వేలకు పైగా, మొత్తం మంచూరియా ప్రాంతంలో సుమారు 60 వేల మంది పోయారు. అంతకన్నా పెద్ద విపత్తు నాలుగు నెలల్లో ఆగింది.

ఏప్రిల్‌లో ముక్డెన్‌లో 11 దేశాల శాస్త్రజ్ఞులతో అంతర్జాతీయ ప్లేగు మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడు వూ లియెన్‌తే. మూడు నెలల కిందట చైనావాడివని అవమానించబడిన మనిషి తెల్లదేశాల పండితుల సభకి అధ్యక్షత వహించాడు.

తరువాతి జీవితం

అక్కడితో ఆయన ఆగలేదు. మంచూరియాలో శాశ్వతంగా ప్లేగు నివారణ శాఖ నెలకొల్పి, ఆసుపత్రులు కట్టించి, ఏళ్ళ తరబడి నడిపాడు. రోగం వచ్చాక డాక్టర్లని వెతుక్కోవడం కాదు, రాకముందే తర్ఫీదైన మనుషులు ఉండాలన్నది ఆయన నేర్చుకున్న పాఠం. 1920-21లో ఆ ప్లేగు మళ్ళీ వచ్చింది. ఈసారి మనుషులూ పద్ధతులూ సిద్ధంగా ఉన్నాయి. చావులు 9 వేల చిల్లరకి ఆగాయి. చైనా వైద్యుల సంఘం స్థాపకుల్లో ఆయనొకరు. 1926లో హార్బిన్‌లో వైద్య కళాశాల పెట్టి మొదటి ప్రిన్సిపాలు అయ్యాడు. 1930లో ఓడరేవుల కోసం ఏర్పడిన జాతీయ క్వారంటైన్ శాఖకి అధిపతి అయ్యాడు. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతవాళ్ళు కోరంటి దవాఖానా అంటారు. ఆ కోరంటి అన్న మాట ఈ క్వారంటైనే! 1935లో ఆయన పేరు నోబెల్ బహుమతికి ప్రతిపాదించారు. రాలేదు.

1937లో జపాను యుద్ధం వచ్చింది, షాంఘైలో ఆయన ఇల్లు బాంబులకి కూలింది. ఎక్కడ నుంచి బయల్దేరాడో ఆ మలయాకే తిరిగొచ్చాడు. ఈపో పట్టణంలో మామూలు డాక్టరుగా కూర్చుని పేదాసాదాకి వైద్యం చేశాడు. 1959లో ఆయన ఆత్మకథ అచ్చయింది. 1960 జనవరి 21న పెనాంగ్‌లో కన్నుమూశాడు. ఎనభై ఏళ్ళు బతికాడు.

చివరిగా నా మాట

మాది వ్యవసాయ కుటుంబం. మిరప చేనుకి మందు కొట్టేటప్పుడు మా నాన్న గట్టు మీద నిలబడి నీళ్ళందిస్తాడు. వీపున పంపు తగిలించుకుని సాళ్ళలో నడిచేది కూలికి వచ్చిన మనిషి. చిన్నప్పటి నుంచీ నేను మామా అని పిలిచే మనిషే. ఘాటు భరించలేక తలగుడ్డ విప్పి ముక్కుకి కట్టుకుంటాడు. సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి ఉంటాయి. ఇదంతా పదేళ్ళుగా చూస్తున్నాను. ఒక్కనాడూ నాకేమీ అనిపించలేదు. 2021 వేసవిలో మా ఊళ్ళో ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకున్న ఆశా కార్యకర్త అక్క కూడా చీర కొంగే అడ్డం పెట్టుకుంది. ఆమెకి ఇవ్వవలసిన మాస్కులు సమయానికి రాలేదని అప్పుడు అందరం అనుకున్నాం గాని, మా ఇంట్లో ఉన్న పెట్టెలోంచి నాలుగు తీసి ఆమె చేతిలో పెట్టాలని నాకు గాని మా ఇంట్లోవాళ్ళకి గాని తోచలేదు.

హార్బిన్ బండివాళ్ళ లెక్క చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొన్న సంక్రాంతి సెలవులకి వెళ్తూ ఎరువుల షాపులో అడిగి, మందు కొట్టేటప్పుడు పెట్టుకునే మాస్కు ఒకటి కొని పట్టుకెళ్ళాను. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వి, మెడలో వేలాడదీసుకున్నాడు. నేను గట్టు దిగి వెళ్ళి, దాన్ని ముక్కు మీదికి జరిపి, తాడు వెనక బిగించి కట్టాను. మా నాన్న గట్టు మీద నుంచి చూస్తూ ఏమీ అనలేదు. రెండో పంపుకి మాత్రం ఇంకోటి కూడా తెమ్మన్నాడు.

మన కాలేజీ నుంచి రేపు డాక్టర్లు, ల్యాబు టెక్నీషియన్లు, ఆఫీసర్లు అయ్యేవాళ్ళు ఎంతమందో ఉన్నారు. మళ్ళీ ఒక మహమ్మారి రాదని ఎవరూ చెప్పలేరు. వచ్చిననాడు మన ముక్కుకి మనం గుడ్డ కట్టుకుంటాం, చదువుకున్నాం కాబట్టి. మన వెనక బండి తోలేవాడి ముక్కుకి కూడా కట్టామా లేదా అని ఒకసారి తిరిగి చూసుకుంటే, వూ లియెన్‌తే జీవితం మనం చదివినట్టే.

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి